వేడి కొనేదెవరు?

ఆస్ట్రియాలో హంగరీ సరిహద్దుకు దగ్గరగా గ్యూసింగ్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా నాలుగు వేలకు అటూ ఇటూ. 1980ల చివరికి ఆ దేశంలో బాగా వెనుకబడిన ప్రాంతాల్లో అదొకటి. రైలు లేదు, పెద్ద రహదారి లేదు, చెప్పుకోదగ్గ పరిశ్రమ లేదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు వారం మొదట్లో వియన్నాకు పనికి పోయి వారాంతానికి ఇల్లు చేరేవారు. చుట్టూ అడవి ఉన్నా, చలికాలంలో ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి బయటి నుంచి వచ్చే చమురే దిక్కు. చమురుకూ కరెంటుకూ కడుతున్న డబ్బు ఊరు దాటి పోతోందని మేయర్ పీటర్ వదాస్, ఇంజనీరు రైన్‌హార్డ్ కోఖ్ గుర్తించారు. 1990ల మొదట్లో పట్టణ మండలి చమురూ బొగ్గూ వదిలేయాలని తీర్మానించింది. ముందు ప్రభుత్వ భవనాల్లో దుబారా తగ్గించారు. 1996లో కట్టెతో నీళ్ళు కాచి ఇళ్ళకు గొట్టాల ద్వారా పంపే ఏర్పాటు మొదలైంది. ఆ తర్వాత 2001లో అసలు ఆకర్షణ వచ్చింది. అదే కట్టె నుంచి కరెంటునూ వేడినీ కలిపి తీసే ప్లాంటు.

ఆ ప్లాంటు మామూలు బాయిలర్ కాదు. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెర్మన్ హోఫ్‌బావర్ బృందం రూపొందించిన పద్ధతి. ఎర్రగా కాగిన ఇసుకలోకి ఆవిరి పంపి, అందులో కట్టె ముక్కలను గ్యాస్‌గా మార్చి, ఆ గ్యాస్‌తో ఇంజన్ తిప్పుతారు. 8 మెగావాట్ల కట్టె లోపలికి పోతే 2 మెగావాట్ల కరెంటు, 4.5 మెగావాట్ల వేడి బయటికి వస్తాయి. చెక్క నేలపలకలు తయారుచేసే కంపెనీలు ఊరికి వచ్చాయి. పలకలు ఆరబెట్టడానికి వాటికి వేడి కావాలి, కోత చెత్తను ఆ ఊరి ప్లాంటుకే అమ్మవచ్చు. ప్రపంచం నలుమూలల నుంచి ప్రతినిధి బృందాలు వచ్చి చూసి వెళ్ళాయి. 2012లో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కూడా వచ్చాడు.

2016లో ఆ ప్లాంటు ఆగిపోయింది.

యంత్రం పనికిరాక ఆగలేదు. అదే నమూనాతో ఆస్ట్రియాలోని ఒబర్వార్ట్, ఫిల్లాఖ్‌లలోనూ జర్మనీలోని జెండెన్‌లోనూ ప్లాంట్లు కట్టారు. గ్యూసింగ్‌లో తీరిపోయింది కరెంటుకు ప్రభుత్వం ఇచ్చిన హామీ ధర గడువు. ఈలోగా కట్టె కోసం పోటీ పెరిగి దాని ధర కూడా పైకి పోయింది. మార్కెట్ ధరకు కరెంటు అమ్మితే ఖర్చులు గిట్టని పరిస్థితి. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఇంజన్‌నూ గ్యాస్ గదినీ ఫొటోలు తీసుకున్నారు. కరెంటు ఒప్పందం ఎన్నేళ్ళకని అడిగినవాళ్ళకు మాత్రం 2016 ముందే కనిపించి ఉంటుంది.

కట్టె ప్లాంటులో డబ్బు పెట్టాలనుకునే మదుపరికి ఈ కథ మొదటి పాఠం. ఆ డబ్బు పైకి యంత్రంలోకి పోతున్నట్టే ఉంటుంది. నిజానికి పోయేది మూడు ఒప్పందాల్లోకి: కట్టె ఎవరిస్తారు, కరెంటు ఎంతకు కొంటారు, వేడి ఎవరు కొంటారు. ప్రమోటర్ ఇచ్చే రంగుల పుస్తకంలో టర్బైన్ గురించి పది పేజీలు, కరెంటు ధర గురించి రెండు పేజీలు ఉంటాయి. వేడి గురించి ఒక వాక్యం ఉంటే గొప్ప. చదవడం మాత్రం ఆ వాక్యం దగ్గరే మొదలుపెట్టాలి.

టన్ను కట్టెలో ఏముంది

అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరు. పూర్తిగా ఎండిన కట్టె కిలో కాలితే 5 యూనిట్లకు (కిలోవాట్-గంటలకు) పైగా వేడి వస్తుంది. సగం తేమ ఉన్న పచ్చి కట్టె కిలోకు దక్కేది 2.3 యూనిట్లే. అందులో నీరు మండకపోగా, ఆవిరి కావడానికి ఉన్న వేడిలోంచే కొంత తినేస్తుంది. తేమ 30 శాతానికి దిగితే కిలోకు సుమారు 3.4 యూనిట్లు వస్తాయి. యంత్రంలో గట్టిగా ఒత్తి చేసిన పెల్లెట్లలో తేమ పది శాతం లోపే కాబట్టి వాటికి 4.7 దాకా ఉంటుంది.

దీన్ని రూపాయల్లో చూద్దాం. టన్ను ధర 3,000 రూపాయలు అనుకుందాం. చిన్న ఆవిరి టర్బైన్ ప్లాంటు కట్టెలోని శక్తిలో 20-25 శాతాన్ని మాత్రమే కరెంటుగా మార్చగలదు. 22 శాతం వేసుకుందాం. 30 శాతం తేమ ఉన్న టన్నుకు 748 యూనిట్ల కరెంటు వస్తుంది, అంటే యూనిట్‌కు కట్టె ఖర్చే నాలుగు రూపాయలు. అదే ధరకు సగం నీళ్ళున్న కట్టె కొంటే 506 యూనిట్లే వస్తాయి, ఖర్చు ఆరు రూపాయలకు చేరుతుంది. జీతాలు, వడ్డీ, మరమ్మతులు ఇంకా కలపనేలేదు. కట్టెను టన్నుల్లో కొనడమంటే నీళ్ళపాలకు చిక్కటి పాల ధర ఇవ్వడమే. స్వీడన్‌లో ఈ వ్యాపారం చాలావరకు శక్తి లెక్కన సాగుతుంది. లోడు తూచి, తేమ కొలిచి, ఇన్ని మెగావాట్-గంటలకు ఇంత అని చెల్లిస్తారు. మన దగ్గర వేబ్రిడ్జి చీటీయే చివరి మాట అయిన చోట, తేమ ఎవరు కొలుస్తారు, ఎన్ని లోడ్లకొకసారి, తేడా వస్తే కోత ఎంత అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. అది లేకపోతే వానాకాలం మొత్తం మదుపరి డబ్బు ఆవిరైపోతున్నట్టే.

కరెంటుగా మారని 75-80 శాతం శక్తి ఏమవుతుంది? కరెంటు కోసమే కట్టిన ప్లాంటులో కూలింగ్ టవర్ మీదుగానూ పొగగొట్టం గుండానూ గాలిలో కలుస్తుంది. వేడి కూడా అమ్మే ప్లాంటులో టర్బైన్ దాటి వచ్చిన ఆవిరి మరోచోట పనికొస్తుంది, కట్టెలోని శక్తిలో 80 శాతానికి పైగా అమ్ముడవుతుంది. పైన చెప్పిన 30 శాతం తేమ టన్నులోనే 748 యూనిట్ల కరెంటుతో పాటు రెండు వేల యూనిట్ల వేడి కూడా దొరుకుతుంది. యూనిట్ వేడికి రూపాయి వచ్చినా కట్టె ఖర్చులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టే. స్వీడన్, ఫిన్‌లాండ్ ప్లాంట్లు ఇంకో అడుగు ముందుకేసి, పొగలోని నీటి ఆవిరిని చల్లబరిచి అందులోని వేడిని కూడా లాగేస్తాయి. పచ్చి కట్టె వల్ల పోయిన దాంట్లో కొంత అలా వెనక్కి వస్తుంది.

గొట్టాలు ముందు

స్వీడన్ దక్షిణాన, స్మోలాండ్ అడవుల నడుమ వెక్షో అనే నగరం ఉంది. గ్యూసింగ్‌కు వచ్చినంత పేరు దీనికి రాకపోవచ్చు. మదుపరి నేర్చుకోవలసింది దీని దగ్గరే ఎక్కువ. అక్కడ నగరపాలక సంస్థకు చెందిన కంపెనీ 1970ల నుంచే ఇళ్ళకు వేడినీళ్ళు గొట్టాల్లో పంపేది, చమురు కాల్చి. 1970ల చమురు సంక్షోభాల తర్వాత 1980లో ఆ వ్యవస్థలోకి కట్టె వచ్చింది. 1991లో స్వీడన్ కార్బన్ పన్ను వేసింది; చమురు ఖరీదై కట్టె లాభసాటి అయింది. 1996లో నగరం శిలాజ ఇంధనాలు పూర్తిగా మానాలని తీర్మానించింది. శాండ్విక్ ప్లాంటులో పాత వాటి పక్కన కొత్త యూనిట్లు ఒక్కొక్కటీ చేరాయి.

ఈ వరుస గమనించదగింది. వేడి కొనేవాళ్ళు ముందే ఉన్నారు, బిల్లు కట్టే అలవాటు ఉంది, నేలలో గొట్టాలున్నాయి. కట్టె బాయిలర్ సిద్ధంగా ఉన్న గిరాకీలోకి అడుగుపెట్టింది. కరెంటు ధర పడిపోయిన ఏడాది కూడా జనవరిలో ఇళ్ళకు వేడి కావాల్సిందే.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లోనూ దాదాపు అదే వరుస. నగర కేంద్రంలోని భవనాలకు వేడినీళ్ళిచ్చే వ్యవస్థ 1983లో మొదలైతే, 25 మెగావాట్ల కట్టె కరెంటు ప్లాంటు దాని పక్కన 2003లో వచ్చింది. స్టాక్‌హోమ్‌లో 2016లో మొదలైన వెర్తాన్ ప్లాంటు చాలా పెద్దది: 280 మెగావాట్ల వేడి, 130 మెగావాట్ల కరెంటు. కట్టె ముక్కలు ఓడల్లోనూ రైళ్ళలోనూ వస్తాయి. వేడి అంకె కరెంటు అంకెకు రెట్టింపు కంటే ఎక్కువ ఉండటం యాదృచ్ఛికం కాదు. అది వేడి అమ్మడానికి కట్టిన ప్లాంటు.

వేడి లెక్కలో ప్రమోటర్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. అతి చలి రోజున ఎంత వేడి కావాలో చూసి అంత సామర్థ్యంతో ప్లాంటు వేస్తారు. అలాంటి రోజులు ఏడాదికి కొన్నే. మిగతా కాలమంతా ఖరీదైన యంత్రం సగం సామర్థ్యంతో మూలుగుతుంది. అనుభవం ఉన్న ఇంజనీర్లు కట్టె ప్లాంటును గరిష్ఠ గిరాకీలో సగం దగ్గరే ఆపేస్తారు. ఏడాది మొత్తం వేడిలో 80-90 శాతం అదే ఇస్తుంది. మిగిలిన చలి రోజులకు చవకైన గ్యాస్ లేదా చమురు బాయిలర్, ఒక పెద్ద వేడినీళ్ళ ట్యాంకు సరిపోతాయి. కాబట్టి మదుపరి అడగవలసింది మెగావాట్లు కాదు, గంటలు. ఏడాదిలో ఎన్ని గంటలు పూర్తి సామర్థ్యంతో వేడి అమ్ముడవుతుంది? ఆ అంకె నెలవారీగా చూపించలేని ప్రాజెక్టు నివేదికను వెనక్కి పంపడమే మంచిది.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న మదుపరికి ఇక్కడ సహజంగానే సందేహం వస్తుంది. మన ఊళ్ళో వేడి ఎవరికి కావాలి? ఇళ్ళకు అక్కర్లేదు, ఫ్యాక్టరీలకు కావాలి. ఉప్పుడు బియ్యం మిల్లు ధాన్యం ఉడకబెట్టాలి, మందుల కంపెనీ రియాక్టర్లు వేడెక్కాలి, పాల డెయిరీలో పాశ్చరైజర్ నడవాలి, అద్దకం యూనిట్లో నీళ్ళు కాగాలి. వీటన్నిటికీ ఆవిరి కావాలి, చాలాచోట్ల ఏడాది పొడుగునా. గుజరాత్‌లోని అంకలేశ్వర్ లాంటి పారిశ్రామిక వాడల్లో ఉమ్మడి బాయిలర్ నుంచి చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు ఆవిరిని టన్ను లెక్కన అమ్మడం నడుస్తున్న వ్యాపారమే. ఒక్క జాగ్రత్త: ఆవిరి దూరం పోదు. కొన్ని కిలోమీటర్లు దాటితే గొట్టంలోనే చల్లబడుతుంది. ప్లాంటు స్థలం కట్టెకు దగ్గరగా ఉందని ప్రమోటర్ గర్వంగా చెప్పుకుంటే, ఆవిరి కొనే ఫ్యాక్టరీ గేటుకు ఎంత దూరమో వెంటనే అడగాలి. కట్టెను లారీలో తేవచ్చు, ఆవిరిని తీసుకెళ్ళలేం.

తెలుగు నేల మీద ఈ సూత్రంతో దశాబ్దాలుగా నడుస్తున్నవి ఉన్నాయి, వాటిని ఎవరూ బయోమాస్ విజయాలని పిలవరు. చెరకు మిల్లులో పిప్పి కాల్చి, ఆవిరితో టర్బైన్ తిప్పి, అదే ఆవిరితో రసం కాస్తారు. కాగితం మిల్లులో కట్టె ఉడికించగా మిగిలిన నల్లటి ద్రవాన్నే కాల్చి ఆవిరి, కరెంటు రెండూ తీస్తారు. రెండు చోట్లా ఇంధనం గేటు లోపలే పుడుతుంది, వేడి కొనుగోలుదారు కూడా గేటు లోపలే ఉన్నాడు.

యాభై వేల టన్నులు

1990ల చివరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయోమాస్ కరెంటు ప్లాంట్లు వరుసగా వచ్చాయి. చాలావాటి సామర్థ్యం ఆరు మెగావాట్ల దగ్గర ఉండేది. ఊక, సర్కారు తుమ్మ, పంట చెత్త అప్పట్లో దాదాపు ఉచితంగా దొరికేవి. ప్రాజెక్టు నివేదికల్లో ఇంధనం ధర వేసిన గడి ఆ రోజు చూస్తే సబబుగానే ఉండేది.

ఆరు మెగావాట్ల ప్లాంటు ఏడాదిలో 80 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 4.2 కోట్ల యూనిట్లు తీస్తుంది. యూనిట్‌కు కిలోంబావు నుంచి కిలోన్నర కట్టె వేసుకుంటే ఏటా యాభై వేల టన్నుల పైమాటే. రోజుకు పది టన్నుల లారీలు పదిహేనుకు అటూ ఇటూ, ఆదివారం కూడా. అంత గిరాకీ ఒక్కసారిగా పల్లెల మీద పడితే చెత్తకు ధర పుడుతుంది. ఊకను తీసుకుపొమ్మని బతిమాలిన మిల్లు యజమాని టన్నుకు రేటు చెప్పడం మొదలుపెడతాడు. సర్కారు తుమ్మ కొట్టే కూలీ దొరకడు, దొరికినా బొగ్గు బట్టీ వాడు ఇంకో వంద ఎక్కువిస్తాడు. ప్రకాశం, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాల్లో పొగాకు బ్యారన్లకు కట్టె కావాలి, ఇటుక బట్టీలకు కావాలి. సుబాబుల్, జామాయిలు, సరుగుడు వేసిన రైతు మూడు నాలుగేళ్ళు ఎదురుచూసేది కాగితం మిల్లు ధర కోసం. ప్లాంటు ఇచ్చే ధర దానికి సాటి రాదు. ప్లాంటు తానే పుట్టించిన గిరాకీ దాని ఇంధనాన్ని ఖరీదు చేస్తుందన్న సంగతి మొదటి రోజు లెక్కలో కనబడదు. దగ్గర్లో రెండో ప్లాంటుకు లైసెన్సు వస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

అందుకే కట్టె విషయంలో 'లభ్యత సర్వే' అనే కాగితం ఒక్కటే చాలదు. యాభై కిలోమీటర్ల వ్యాసార్థంలో ఎంత కట్టె ఉందన్నది ఒక ప్రశ్న. ఈ రోజు దాన్ని ఎవరు కొంటున్నారు, ఎంతకు, ఇంకెంత పైకి పోగలరు అన్నది డబ్బు తేల్చే ప్రశ్న. కాగితం మిల్లు కాటా దగ్గర ఒక పూట కూర్చుంటే నివేదిక చెప్పని ధరలు తెలుస్తాయి. రైతులతో నేరుగా కుదుర్చుకున్న సాగు ఒప్పందాలు ఉంటే, అందులో కనీస ధర రాసి ఉందా, ధర పెరిగితే రైతుకు వాటా ఉందా చూడాలి. రైతుకు గిట్టని ఒప్పందం మూడో ఏట కోత సమయానికి నిలబడదు.

పారేయడానికే డబ్బిచ్చే కట్టె దొరికిన చోట లెక్క వేరు. సెయింట్ పాల్ ప్లాంటు ముఖ్యంగా కాల్చేది నగరంలో కూలిన, నరికిన చెట్లు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఆ ప్రాంతంలో యాష్ చెట్లను చంపేస్తోంది. నగరాలు వాటిని కొట్టి ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఆ ప్లాంటు ఆగితే ఆ కట్టెను ఏం చేయాలన్నది చుట్టుపక్కల పట్టణాలన్నిటి సమస్య అవుతుంది. ఇంధనం ఇచ్చేవాడికే ప్లాంటు అవసరమైతే బేరం మదుపరి వైపు ఉంటుంది.

కట్టె యార్డు గురించి ప్రాజెక్టు నివేదికలు తక్కువ రాస్తాయి కానీ నష్టాలు మొదలయ్యేది అక్కడే. ముక్కలు చేసిన పచ్చి కట్టెను ఎత్తుగా పోగుపోస్తే లోపల సూక్ష్మజీవులు పనిచేసి వేడెక్కుతుంది. నెలనెలా కొంత బరువు కుళ్ళి పోతుంది, ఒక్కోసారి పోగు తనంతట తానే అంటుకుంటుంది. బెరడుతో పాటు వచ్చే మట్టి, ఇసుక, పంట చెత్తలోని పొటాషియం, క్లోరిన్ బాయిలర్ గొట్టాల మీద గాజులా పేరుకుపోయి, వాటిని ఊడగొట్టడానికి ప్లాంటు ఆపాల్సి వస్తుంది. బాయిలర్ ఒక రకం కట్టెకు డిజైన్ చేసి, తర్వాత చవగ్గా దొరికిందని ఇంకోటి వేస్తే యంత్రం కంపెనీ గ్యారంటీ చెల్లదు. గ్యారంటీ కాగితంలో ఏ ఇంధనం, ఎంత తేమ, ఎంత బూడిద అని రాశారో, యార్డులో ఆ రోజు ఏం పడి ఉందో పోల్చి చూడటం ఎవరైనా చేయగల తనిఖీ.

హామీ ధర

ఉత్తర ఐర్లాండ్ 2012లో కట్టె బాయిలర్లకు ప్రోత్సాహక పథకం పెట్టింది. పుట్టించిన ప్రతి యూనిట్ వేడికీ ప్రభుత్వం డబ్బిచ్చేది. బ్రిటన్‌లో ఇదే తరహా పథకంలో ఒక పరిమితి దాటాక రేటు తగ్గేది. ఉత్తర ఐర్లాండ్‌లో ఆ మెట్టు పెట్టలేదు. చిన్న వాణిజ్య బాయిలర్లకు ఇచ్చే రేటు పెల్లెట్ల ధర కంటే ఎక్కువ, అంటే ఎంత కాలిస్తే అంత లాభం. 2016 ఫిబ్రవరిలో కొత్త దరఖాస్తులకు పథకం మూసేశారు. 2017 జనవరిలో ఈ గొడవ మీదే ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేయడంతో ప్రభుత్వం కూలిపోయి, మూడేళ్ళు మళ్ళీ ఏర్పడలేదు. సర్ ప్యాట్రిక్ కోగ్లిన్ విచారణ నివేదిక 2020 మార్చిలో వచ్చింది.

రాజకీయ కథగా ఇది అందరికీ తెలుసు. మదుపరి చూడాల్సింది దాని తర్వాతి భాగం. ఇరవై ఏళ్ళ హామీ నమ్మి బ్యాంకు అప్పుతో నిజాయితీగా బాయిలర్ పెట్టిన రైతులకు కూడా చెల్లింపుల్లో తీవ్రమైన కోత పడింది. హామీ మరీ తియ్యగా ఉంటే దాన్ని వెనక్కి లాక్కునే చేయి కూడా ఎక్కడో సిద్ధంగా ఉంటుందన్న అనుమానం మదుపరికి ఉండాలి. ప్రభుత్వ డబ్బు తీసేసినా ప్లాంటు కనీసం తన నడక ఖర్చు తాను తెచ్చుకోగలదా అన్న లెక్క విడిగా చూపమని అడగాలి.

మన దగ్గరి అనుభవం కూడా అదే చెబుతుంది. కేంద్ర సంప్రదాయేతర ఇంధన శాఖ మార్గదర్శకాల్లో 1994-95 మూల సంవత్సరంగా యూనిట్‌కు 2.25 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు అన్న సూత్రం ఉండేది. దాన్ని నమ్ముకుని ప్లాంట్లు లేచాయి. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరలను సవరించింది. వివాదం అప్పిలేట్ ట్రిబ్యునల్ దాటి సుప్రీంకోర్టు చేరింది. 2010 జులైలో తీర్పు వచ్చింది, ధరను సమీక్షించే అధికారం మండలికి ఉందని. ఆరేళ్ళు కోర్టుల్లో నడిచిన ఆ కాలంలో కట్టె లారీవాడికి మాత్రం ఏ వారానికావారం డబ్బు కట్టాల్సి వచ్చింది. కొత్తగా డబ్బు పెట్టేవాళ్ళు విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో ధర ఎంతో చూసి ఊరుకోకూడదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చగలరో వెతకాలి. డిస్కం బిల్లులు ఎన్ని నెలల ఆలస్యంతో చెల్లిస్తోందో అదే ప్రాంతంలోని మరో ప్లాంటు బ్యాలెన్స్ షీటులో 'రావలసిన బాకీలు' అనే వరుస చెబుతుంది.

ఐరోపాలో గాలి ఏ వైపు వీస్తోందో కూడా చూడాలి. ఐరోపా సమాఖ్య 2023లో సవరించిన పునరుత్పాదక ఇంధన ఆదేశం ప్రకారం, అడవి కట్టెతో కరెంటు ఒక్కటే తీసే ప్లాంట్లకు కొత్తగా ప్రభుత్వ సాయం ఇవ్వడం, కొన్ని మినహాయింపులు పోను, ఆగిపోతుంది. బ్రిటన్‌లోని డ్రాక్స్ కట్టె పెల్లెట్లతో కరెంటు తీసే పెద్ద ప్లాంటు. కెనడా నుంచి తెచ్చిన కట్టె వివరాల నివేదనలో లోపాలున్నాయని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తేల్చాక, 2024 ఆగస్టులో ఆ కంపెనీ 2.5 కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది. చెట్టు కొట్టి కాల్చిన కార్బన్ మళ్ళీ చెట్టులోకి చేరడానికి దశాబ్దాలు పడుతుందన్న వాదన శాస్త్రవేత్తల్లో బలంగా ఉంది, అది న్యాయమైన వాదన కూడా. కోత చెత్తతోనో, కూలిన చెట్టుతోనో, పొలం గట్టున పెంచిన చెట్టుతోనో నడిచే ప్లాంటుకు దానివల్ల భయం లేదు. నిలబడి ఉన్న అడవి మీద కన్నేసిన ప్లాంటుకు ముందుముందు సబ్సిడీ దొరకడం కష్టం, దొరకకూడదు కూడా.

సంతకానికి ముందు

ఒక ఊహా ప్లాంటు లెక్క వేద్దాం. 2 మెగావాట్ల కరెంటు, 5.4 మెగావాట్ల వేడి, ఏడాదికి 7,000 గంటలు. కట్టిన ఖర్చు 23 కోట్లు. అందులో 16 కోట్లు పదేళ్ళ అప్పు, 10.5 శాతం వడ్డీ. ఏటా వాయిదా సుమారు 2.66 కోట్లు. 30 శాతం తేమ కట్టె సుమారు 18,530 టన్నులు, టన్ను 3,000 చొప్పున 5.56 కోట్లు. జీతాలు, మరమ్మతులు, బూడిద ఎత్తడం, బీమా కలిపి రెండున్నర కోట్లు. సొంత వాడకం పోను 1.26 కోట్ల యూనిట్ల కరెంటును ఆరు రూపాయలకు అమ్మితే 7.56 కోట్లు. వేడి మొత్తం రూపాయికి అమ్ముడైతే 3.78 కోట్లు. అన్నీ అనుకున్నట్టు జరిగితే మిగులు 62 లక్షలు. సొంతంగా పెట్టిన ఏడు కోట్ల మీద తొమ్మిది శాతం కంటే తక్కువ.

ఇప్పుడు ఒక్కొక్కటీ కదిపి చూడాలి. వేడి సగమే అమ్ముడైతే కోటీ పాతిక లక్షలకు పైగా లోటు. వేడి మొత్తం అమ్ముడై, కట్టె ధర మాత్రం 30 శాతం పెరిగితే కోటికి పైగా లోటు. కరెంటు ధర రూపాయి తగ్గితే కోటీ ఇరవై ఆరు లక్షలు పోయి, మిగులు కాస్తా అరవై నాలుగు లక్షల లోటుగా మారుతుంది. మూడు ఒప్పందాల్లో ఏ ఒక్కటి వదులైనా ఏడాది లాభం తుడిచిపెట్టుకుపోతుంది. ప్రమోటర్ ఇచ్చిన ఎక్సెల్ షీటులో ఈ మూడు గడులూ మార్చి చూడటానికి అరగంట చాలు. షీటు ఇవ్వకుండా ప్రింటు మాత్రమే ఇస్తే, షీటు అడగాలి.

డబ్బు ఏ రూపంలో పోతుందన్నది వేరే సంగతి. డెన్మార్క్‌లో చాలా వేడి కంపెనీలు వాడకందార్ల సొంతం, చట్టప్రకారం లాభం తీయవు. అక్కడ ఊరివాడికి దక్కే ప్రతిఫలం తక్కువ బిల్లు. మన దేశంలో ప్రైవేటు కంపెనీ వాటాలు కొంటే అమ్ముకోవడం తేలిక కాదు, పది పదిహేనేళ్ళు మరిచిపోగలిగిన డబ్బే పెట్టాలి. రిటైర్‌మెంటు సొమ్ములో పెద్ద భాగానికి ఇది చోటు కాదు. కంపెనీల చట్టం ప్రకారం ఇలాంటి వాటాలను ప్రైవేటుగా ఏడాదికి 200 మందికి మించి అమ్మజూపకూడదు. 'నెలకు ఇంత ఖాయం' అని డిపాజిట్లు సేకరిస్తుంటే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం గుర్తుంచుకోవాలి. 1990ల్లో టేకు మొక్కల పథకాల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు తెలుగునాట ఊరూరా ఉన్నాయి. ఆ తర్వాతే, 1999లో, సెబీ సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. చెట్టు పేరు చెప్పి పచ్చగా కనిపించే పథకం ఏది వచ్చినా, రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

చివరి పని, నడుస్తున్న ప్లాంటు ఒకటి చూడటం. అదే యంత్రం, అదే రకం కట్టె ఉన్నది కావాలి. టర్బైన్ హాలుకు ముందు వేబ్రిడ్జి గదికి వెళ్ళి గత పన్నెండు నెలల తేమ రిజిస్టరు అడగాలి. తర్వాత బాయిలర్ ఆగిన రోజుల లాగ్ పుస్తకం, ఆవిరి లేదా వేడినీళ్ళ మీటర్ల నెలవారీ రీడింగులు, వేడి కొన్నవాళ్ళు కట్టిన బిల్లులు. బాయిలర్ ఇంజనీరును ఒకరిని, ఆ కంపెనీతో సంబంధం లేని చార్టర్డ్ అకౌంటెంటును ఒకరిని వెంట తీసుకెళ్ళి, వాళ్ళ ఫీజు మదుపరే సొంతంగా కట్టాలి. ప్రమోటర్ కట్టిన ఫీజుతో వచ్చిన నివేదిక ప్రమోటర్ నివేదికే. ప్రతిపాదిత ప్లాంటుకు వేడి కొంటామన్న ఫ్యాక్టరీ మేనేజరును విడిగా కలిసి రెండు ప్రశ్నలు వేయాలి: ప్రస్తుతం ఆవిరి టన్నుకు ఎంత పడుతోంది, ఒప్పందంలో కనీస కొనుగోలు పరిమాణం రాయడానికి సిద్ధమేనా. ఆయన రెండో దానికి ఒప్పుకోకపోతే ఆ ఫ్యాక్టరీని లెక్కలోంచి తీసేసి, మిగిలిన అంకెలతో ఎక్సెల్ షీటు మళ్ళీ వేయాలి.